బూలియన్ బహుపదులు, 4వ పాఠం: ఆర్‌ని తక్కువ డిగ్రీకి దించడం

పోయిన పాఠం చివరి లెక్క చేసే ఉంటారు. ఒక్కోటి 0 గానీ 1 గానీ అయ్యే అ, ఇ, ఉ, ఎ అనే నాలుగు చలరాశుల ఆర్‌కి (ఒక్కటి 1 అయినా 1, అన్నీ 0 అయితేనే 0) బహుపది 1 − (1−అ)(1−ఇ)(1−ఉ)(1−ఎ). విప్పి రాస్తే నాలుగూ కలిసిన పదం ఎక్కడా కొట్టుకుపోదు, కనక డిగ్రీ 4. చలరాశులు వంద ఉంటే డిగ్రీ 100. ఏ ఇన్‌పుట్‌కీ తప్పకూడదని పట్టుబడితే ఇంతకన్నా దిగదు.

ఆ పట్టు కాస్త సడలిద్దాం. ఇకనుంచి కూడికలన్నీ మాడ్యులో 2: మొత్తం బేసి అయితే 1, సరి అయితే 0.

ఇన్‌పుట్ 1, 0, 1, 1 అనుకోండి; ఆర్ 1 రావాలి. ఒక్కో చలరాశికి ఒక నాణెం ఎగరేసి, బొమ్మ పడ్డవాటినే కూడండి. అ, ఉ వచ్చాయా? 1+1 = 0, తప్పింది. ఇ, ఉ వచ్చాయా? 0+1 = 1, సరిపోయింది. మొత్తం 16 ఉపసమితుల్లో సరిగ్గా 8 మనకి 1 ఇస్తాయి. ఎందుకో చూడండి: అ విలువ 1. కాబట్టి ఉపసమితుల్ని అ ఉన్నదీ లేనిదీ జతలుగా పెడితే, ప్రతి జతలో ఒకటి బేసి, ఒకటి సరి. ఇన్‌పుట్‌లో ఒక్క 1 ఉన్నా చాలు, ఈ వాదన నడుస్తుంది. అన్నీ సున్నాలైతే మొత్తం ఎప్పుడూ 0, అక్కడ తప్పే ప్రసక్తే లేదు.

ఇలాంటి కూడికలు విడివిడిగా 10 తీసుకుని, వాటి ఆర్‌ని పై సూత్రంతోనే కట్టండి. ఒక్కో కూడిక డిగ్రీ 1, కాబట్టి మొత్తం డిగ్రీ 10 దాటదు. పదీ ఒకేసారి తప్పే సంభావ్యత 1/1024. చలరాశులు వందైనా, కోటైనా ఇదే లెక్క! మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేక వెనక్కి వెళ్లి చూసుకున్నాను.

ఒక్క జాగ్రత్త. నాణేలు ఉపసమితి కోసం, ఇన్‌పుట్ కోసం కాదు. ఇన్‌పుట్ ఏదైనా తప్పు 1/1024 మించదు కాబట్టి, సగటు తీస్తే, నాణేల ఫలితాల్ని ఒక రకంగా బిగించేసినా 1/1024 వంతు ఇన్‌పుట్లకి మించి తప్పని బహుపది ఒకటి తప్పక దొరుకుతుంది.

1987లో గణితవేత్త రజ్బోరోవ్ ఈ ఎత్తుగడని సర్క్యూట్‌లో (ఆర్, నాట్ లాంటి గేట్లని వరసలుగా కలిపిన అమరికలో) గేటు గేటుకీ వాడాడు. 0ని 1గా, 1ని 0గా తిప్పే నాట్ గేటుకి డిగ్రీ పెరగదు, 1ల సంఖ్య బేసా సరా చెప్పే పారిటీ గేటు వట్టి కూడికే. లోతు, అంటే గేట్ల వరసల సంఖ్య, 3 అయితే డిగ్రీ 10×10×10 దాటదు. గేట్ల సంఖ్య పెరిగితే తప్పులు పెరుగుతాయి, అప్పుడు 10 బదులు ఇంకాస్త పెద్ద సంఖ్య. మెజారిటీ ఫంక్షన్‌ని (ఇన్‌పుట్‌లో సగానికి మించి 1లుంటే 1) ఇంత తక్కువ డిగ్రీతో దాదాపుగానైనా పట్టలేమని చూపించి, లోతు పెరగని చిన్న సర్క్యూట్లు దాన్ని లెక్కించలేవని తేల్చాడు. ఆ రెండో సగం వచ్చే పాఠంలో.

ఈలోగా ఇంటిపని: ఇదంతా మాడ్యులో 3లో చేయండి. కూడిక ఫలితం 2 కూడా రావచ్చు. దాన్ని 1గా మార్చాలంటే ఏం చేయాలి, డిగ్రీ ఎంతవుతుంది?