జైలు నుంచి వచ్చిన మహిళలు పనికి దరఖాస్తు చేసుకోవడం: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

విడుదల రోజు గేటు దగ్గర ఇచ్చే కాగితాలను "ఇంటికెళ్లాక చూసుకుందాంలే" అని సంచిలో పడేసుకుని బయటపడతారు ఎక్కువమంది. ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ ఐదు నిమిషాలు అక్కడే నిలబడి విడుదల పత్రంలో మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, కేసు నంబరు చదువుకోండి, చదవడం రాకపోతే చదివించుకోండి. ఆధార్‌లో లక్ష్మీదేవిగా ఉన్న మనిషి కేసు కాగితాల్లో లక్ష్మమ్మగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఆ ఇద్దరూ ఒకరేనని ఆర్నెల్ల తర్వాత రుజువు చేసుకోవాలంటే అఫిడవిట్లు, నోటరీలు. గేటు దగ్గరే కనిపెడితే ఏం చేయాలో అక్కడి అధికారినే అడగొచ్చు. లోపల పనిచేసినందుకు రావాల్సిన కూలి లెక్క, నేర్చుకున్న పనికి ఇచ్చిన సర్టిఫికెట్ కూడా అప్పుడే అడిగి తీసుకోండి. మళ్లీ ఆ గేటు దాకా వెళ్లాలంటే ఎవరికీ కాళ్లు రావు.

చంచల్‌గూడ మహిళా జైలు నుంచి వచ్చినా, రాజమహేంద్రవరం నుంచో కడప నుంచో వచ్చినా కింద చెప్పే పద్ధతి ఒకటే. రెండు నెలల రిమాండ్ తర్వాత బెయిలు మీద వచ్చినవాళ్లకూ ఇంచుమించు ఇదే.

మీ కేసు ఇప్పుడు ఎక్కడుంది?

పని వెతుక్కునే ముందు దీనికి జవాబు తెలిసుండాలి. బెయిలు మీద ఉన్నారా, కేసు కొట్టేశారా, శిక్ష పూర్తయిందా? ఈ మూడూ ఒకటి కాదు. ఊళ్లో జనానికి ఆ తేడా పట్టదు, "జైలుకెళ్లొచ్చింది" అని ఒకే మాట అనేస్తారు. దరఖాస్తు ఫారానికి మాత్రం పట్టింపు ఉంటుంది. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో మహిళలు 23,772 మంది. మొత్తం ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే లోపలికెళ్లి వచ్చినవాళ్లలో చాలామందికి అసలు శిక్షే పడలేదు. శిక్ష పడనివాళ్లు కూడా ఫారంలో "శిక్ష పడిందా?" అనే గడి దగ్గర భయపడి "అవును" అని రాసేయడం నా కళ్లతో చూశాను.

కేసు కొట్టేసి ఉంటే తీర్పు సర్టిఫైడ్ కాపీకి కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టండి. కేసు నంబరు, తీర్పు తేదీ ఉంటే చాలు. ఒకటి తీసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జిరాక్సులు మాత్రమే బయట ఇవ్వండి. ప్రొబేషన్ మీద, అంటే జైలు శిక్ష వేయకుండా మంచి నడవడిక షరతుతో, వదిలిపెట్టినవాళ్లకు ఇంకో మాట. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలోని 3 లేదా 4వ సెక్షన్ కింద వదిలిపెడితే, నేరం రుజువైన కారణంగా వచ్చే అనర్హతలేవీ వర్తించవని అదే చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. తీర్పులో ఆ సెక్షన్ల నంబర్లు ఉన్నాయేమో లాయరుతో చూపించుకోండి. లాయరు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100.

అడిగింది దాచొద్దు, అడగనిది చెప్పొద్దు

నేను అందరికీ చెప్పే సూత్రం ఇదొక్కటే. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డుకైనా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదుకైనా మీరు జైల్లో ఉన్నారా లేదా అని అడిగే గడే లేదు. డ్వాక్రా సంఘంలో చేరడానికీ, శిక్షణ సంస్థలో చేరడానికీ సంగతి అదే. లేని ప్రశ్నకు జవాబు రాయకండి. మీసేవ కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి మీ కథంతా చెప్పాల్సిన అవసరం అంతకంటే లేదు.

అడిగేచోట మాత్రం అబద్ధం రాయొద్దు. ప్రభుత్వ ఉద్యోగానికి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, కేసు, శిక్ష అని విడివిడిగా ప్రశ్నలుంటాయి. సెక్యూరిటీ గార్డు పనికి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద పూర్వాపరాల విచారణ ఉంటుంది. దాచిపెట్టి ఉద్యోగంలో చేరితే, తర్వాత బయటపడినప్పుడు కేసుకంటే దాచిన సంగతే పెద్దదవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే వివరంగా తీర్పిచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఏదీ దాచకూడదు. నిజం చెప్పినా తీసుకోవాలా వద్దా అన్నది యజమాని పరిశీలించుకోవచ్చు. ఫారంలో ప్రశ్నే స్పష్టంగా లేకపోతే, ఆ సంగతి చెప్పలేదని తప్పుపట్టడానికి లేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఫోన్ నంబరు దగ్గరే బండి ఆగిపోతుంది

ఒకావిడతో కలిసి ఈ-శ్రమ్ నమోదుకు వెళ్లాను. మూడేళ్ల తర్వాత బయటికొచ్చిన మనిషి. ఆధార్ నంబరు కొట్టగానే ఓటీపీ వెళ్లింది. ఎక్కడికి? ఆవిడ పాత నంబరుకి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి "రాంగ్ నంబర్" అన్నాడు. మళ్లీ చేసి "బాబూ, ఇప్పుడొక ఓటీపీ వచ్చుంటుంది, కాస్త చెప్తావా" అని ఆవిడ అడిగేసరికి, మోసగాళ్లనుకుని తిట్టి పెట్టేశాడు. అతని తప్పేం లేదు. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు కూడా లేకుండా పడున్న సిమ్‌ను కంపెనీ ఆపేయవచ్చు, కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరి చేతికి పోతుంది. జైల్లో తొంభై రోజులంటే ఎంత!

కాబట్టి బయటికొచ్చాక మొదటి పని కొత్త సిమ్. అదీ మీ పేరు మీదే, తమ్ముడి పేరు మీదో పక్కింటివాళ్ల పేరు మీదో కాదు. రెండో పని ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ నంబరును ఆధార్‌కు కలిపించుకోవడం. నంబరు మార్చడానికి వేరే రుజువు కాగితాలు అక్కర్లేదు, వేలిముద్రలు సరిపోతాయి. ముద్రలు అరిగిపోయి పడకపోతే కంటిపాపతో ప్రయత్నించమని అడగండి. ఆధార్ నంబరే గుర్తులేకపోతే 1947కి ఫోన్ చేయండి. అసలు ఆధారే లేనివాళ్లకు మొదటి నమోదు ఉచితం. ఇంకా లోపలే ఉన్న బంధువు కోసం ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట: జైలు అధికారి సంతకం, ముద్రతో ఇచ్చే ప్రవేశ పత్రాన్ని ఖైదీల ఆధార్ నమోదుకు రుజువుగా అంగీకరిస్తారు. కాబట్టి అది లోపల ఉండగానే అయ్యే పని.

చిరునామా ఇంకో చిక్కు. చాలామంది అత్తగారింటికి తిరిగి వెళ్లరు, వెళ్లలేరు. అమ్మగారింట్లో ఉంటే మీ పేరు మీద కరెంటు బిల్లూ ఉండదు, అద్దె అగ్రిమెంటూ ఉండదు. 2023 నుంచి కుటుంబ పెద్ద సమ్మతితో వాళ్ల చిరునామానే మీ ఆధార్‌లోకి మార్చుకునే వీలుంది. వెళ్లడానికి ఇల్లే లేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి శక్తి సదన్ అనే ఆశ్రయ గృహాల గురించి అడగండి. ఇంతకుముందు స్వధార్ గృహాలని పిలిచేవాళ్లు. ఎవరి ఆదరణా లేని మహిళల కోసం పెట్టినవి. జైలు నుంచి వచ్చి దిక్కులేకుండా ఉన్నవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకునే స్వధార్ పథకం రాశారు.

బ్యాంకు ఖాతా సంగతి త్వరగా తేలుతుంది. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే ఖాతా ఆగిపోతుంది, అంతే. డబ్బు ఎక్కడికీ పోదు. ఆధార్ జిరాక్స్, ఫొటో తీసుకెళ్లి కేవైసీ మళ్లీ ఇస్తే తెరుస్తారు, అందుకు రుసుము తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. భర్తతో జాయింటు ఖాతా ఉంటే దాని జోలికి పోకుండా మీ ఒక్కరి పేరు మీద జన్‌ధన్ ఖాతా తెరవండి.

నమోదులు

ఇవి ఒకే రోజులో అయిపోతాయి. 16 నుంచి 59 ఏళ్ల లోపు ఉండి, పీఎఫ్, ఈఎస్‌ఐ లేని పనుల్లో ఉన్నవాళ్లకు ఈ-శ్రమ్. ఆధార్, ఫోను, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని సీఎస్‌సీకి (కామన్ సర్వీస్ సెంటర్) వెళితే పన్నెండంకెల నంబరుతో కార్డు ఇస్తారు. నమోదు ఉచితం. ప్రింటు తీసి లామినేషన్ చేస్తే దానికి పది, ఇరవై అడగొచ్చు, "కార్డుకి మూడొందలు" అంటే లేచి వచ్చేయండి. సందేహాలకు 14434. తర్వాత నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, దాని నంబరు 1514. జిల్లా ఉపాధి కార్యాలయంలోనూ పేరు రాయించండి. రెన్యువల్ తేదీ మర్చిపోతే సీనియారిటీ పోతుంది కాబట్టి ఆ తేదీని క్యాలెండరు మీద రాసుకోండి.

అన్నింట్లోనూ "అనుభవం" అనే గడి ఉంటుంది. అక్కడ చాలామంది గీత గీసేస్తారు. గీయకండి. లోపల మూడేళ్లు కుట్టుమిషన్ మీద కూర్చున్నారు, బేకరీలో పనిచేశారు, నర్సరీలో మొక్కలు పెంచారు. తెలంగాణ జైళ్లలో తయారైన వస్తువులు మై నేషన్ పేరుతో బయట డబ్బుకు అమ్ముడవుతాయి. అది అనుభవం కాకపోతే ఇంకేది? "కుట్టుపని, మూడేళ్లు, యూనిఫారాలు" అని రాయండి. సర్టిఫికెట్ శిక్షణ సంస్థ పేరుతో ఉంటే జతచేయండి. జైలు లెటర్‌హెడ్ మీద ఉంటే అవసరం వచ్చేదాకా ఫైల్లోనే ఉంచండి.

కుట్టుపని వచ్చినవాళ్లకు పీఎం విశ్వకర్మ

కాస్త ఓపికగా తెలుసుకోవాల్సింది దీని గురించి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పథకం. పద్దెనిమిది చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. బుట్టలు, చాపలు అల్లడం, పూలమాలలు కట్టడం, బొమ్మల తయారీ కూడా జాబితాలో ఉన్నాయి. ఎంపికైతే ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచరు. ఆ తర్వాత పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు.

దరఖాస్తు సీఎస్‌సీలో వేలిముద్రతో పెడతారు. కొత్తవి తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కుని వెళ్లండి. తర్వాత మూడు మెట్లున్నాయి: గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ పరిశీలన, జిల్లా కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ. దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది మొదటి మెట్టు మీదే. ఈ మనిషి నిజంగా ఈ పని చేస్తోందా అని ఊళ్లో చూస్తారు. నిన్ననే విడుదలై ఇవాళ దరఖాస్తు పెడితే చూపించడానికి ఏముంటుంది? అందుకే ముందు నెలా రెండు నెలలు అద్దె మిషన్ మీదైనా జాకెట్లు, ఫాల్సు కుట్టి, నలుగురికి తెలిశాక పెట్టమంటాను. అప్పుడు పరిశీలనకు వచ్చినవాళ్లకు చూపడానికి మిషన్ ఉంటుంది, "మా జాకెట్లు ఈవిడే కుడుతుంది" అని చెప్పడానికి పక్కింటావిడ ఉంటుంది.

తిరస్కరించే కారణాలు కూడా ముందే చూసుకోండి. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు, కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మీరు లోపలున్నప్పుడు భర్త ఏ తాపీ మేస్త్రీగానో నమోదై ఉంటే మీకు రాదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా రాదు. ఇలాంటి స్వయం ఉపాధి పథకాల కింద గత ఐదేళ్లలో అప్పు తీసుకుని ఉన్నా అడ్డే, ముద్ర, స్వనిధి అప్పులు పూర్తిగా తీర్చేసి ఉంటే మాత్రం పరవాలేదు.

పని ఇంకా నేర్చుకోవాల్సినవాళ్లు ఆర్‌సెటిలో అడగండి. బ్యాంకులు నడిపే ఈ శిక్షణ సంస్థల్లో శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. ఇంట్లో మాటలు పడలేక ఉన్నవాళ్లకు ఆ కొన్ని వారాల హాస్టలు శిక్షణతో సమానమైన మేలు చేస్తుంది.

సంఘంలో చేరడం

డ్వాక్రా సంఘంలో చేరడానికి ఫారం చిన్నదే, మనుషులే కష్టం. పాత సంఘంలో ఉండి వెళ్లినవాళ్లకు బాకీ వాయిదాలు పేరుకుపోయి ఉంటాయి, మిగతా సభ్యులు తమ చేతి నుంచి కట్టి ఉంటారు. వాళ్ల కోపం కేసు గురించే అనుకోకండి, చాలాసార్లు అది వాయిదాల గురించే. ముందు లెక్క రాయించుకోండి, నెలకింతని ఒప్పుకోండి. అయినా కుదరకపోతే సంఘాల బాధ్యత చూసేవాళ్లను, అంటే పల్లెలో సీసీని, పట్నంలో ఆర్పీని కలిసి వేరే సంఘంలో ఖాళీ అడగండి.

బెయిలు మీద ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. ప్రతి సోమవారం పొద్దున స్టేషన్లో సంతకం పెట్టాలనే షరతు ఉంటే, పొద్దుటి షిఫ్టు ఉద్యోగం రెండో వారమే పోతుంది. చేరాక సెలవులు అడుక్కోవడం కన్నా, చేరకముందే షరతు సడలించమని లాయరుతో పిటిషన్ వేయించండి. ఆఫర్ లెటరో, యజమాని రాసిచ్చిన కాగితమో జతచేస్తే కోర్టుకు కారణం కళ్లముందు కనిపిస్తుంది. పనికోసం జిల్లా దాటాల్సి వచ్చినా ఇదే దారి.

ఇంటర్వ్యూలో "ఈ మూడేళ్లూ ఎక్కడున్నారు?" అని అడిగితే ఏం చెప్పాలని అందరూ అడుగుతారు. పైన చెప్పిన ఓటీపీ ఆవిడకు ఆ ప్రశ్న ఒక గార్మెంట్ యూనిట్‌లో ఎదురైంది. "జైలు కుట్టు విభాగంలో పనిచేశానండి, కేసు కొట్టేశారు, తీర్పు కాపీ తెచ్చాను" అని చెప్పి ఫైలు తీయబోయింది. సూపర్‌వైజరమ్మ ఫైలు వైపు చూడలేదు. "ఓవర్‌లాక్ వచ్చా?" అంది.