రెట్ గ్రాహకాన్ని బొమ్మ గీస్తూ నేర్చుకోవడం ఎలా?

పిండంలో కిడ్నీ ఎలా మొలుస్తుందో, పేగు గోడలోకి నాడీకణాలు ఎలా చేరతాయో చదవబోయేవారు ముందుగా పుస్తకం పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు, నీలం, ఎరుపు రంగు పెన్సిళ్లు తెచ్చుకోవాలి. తార్నాకలో ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి నా కంటబడుతుంది. వృద్ధి కారకాల (కణాలకు సంకేతమిచ్చే ప్రోటీన్ల) పేర్లు, వాటి గ్రాహకాల (ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ల) పేర్లు కంఠతా వచ్చినవారు సైతం ఏది ఏ కణం దగ్గర ఉందని అడిగితే తడబడతారు.

పేరును నమ్ముకోవడం మరో పొరపాటు. జీడీఎన్ఎఫ్ (గ్లియల్ సెల్ లైన్-డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్) అనే వృద్ధి కారకాన్ని 1993లో మెదడులోని డోపమిన్ నాడీకణాలను బతికించే ప్రోటీన్‌గా గుర్తించారు కాబట్టి దాని పేరు నాడీవ్యవస్థ చుట్టూనే తిరుగుతుంది. అయితే 1996లో ఆ జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో కిడ్నీలే ఏర్పడలేదు, జీర్ణాశయం దాటాక పేగులో నాడీకణాలూ కనిపించలేదు. దాని గ్రాహకమైన రెట్‌ను తీసేసిన చిట్టెలుకల్లోనూ దాదాపు ఇదే లోపం ఉందని అప్పటికి రెండేళ్ల ముందే, 1994లో తేలింది.

ఇక గీయడం మొదలుపెట్టండి. నిలువుగా ఒక గొట్టం గీస్తే అది వోల్ఫియన్ నాళం, పిండంలో మూత్రనాళ మొగ్గ మొలిచే నాళం. దాని కింది కొసకు దగ్గరలో, తాకీ తాకనట్టు, చుక్కలతో ఒక ముద్ద గీయండి. అది కిడ్నీ కాబోయే మీసెంకైమ్, అంటే వదులుగా పేర్చుకున్న పిండ కణాల ముద్ద. జీడీఎన్ఎఫ్‌ను విడుదల చేసేది ఈ ముద్దే కాబట్టి దానికి నీలం వేయండి. రెట్ ఉండేది నాళం కణాల మీద కాబట్టి దానికి ఎరుపు వేయండి. చిట్టెలుక పిండంలో సుమారు పదిన్నరో రోజున, మనిషి పిండంలో అయిదో వారం ప్రాంతంలో, నీలానికి ఎదురుగా ఉన్న చోట నాళం ఉబ్బి మూత్రనాళ మొగ్గ తొడుగుతుంది. అది ముద్దలోకి చొచ్చుకుపోయి, టీ అక్షరంలా రెండుగా చీలి, ఆ తర్వాత మళ్లీ మళ్లీ కొమ్మలు వేస్తుంది.

ఇప్పుడు రబ్బరు తీసుకోండి. కొమ్మల కాడల్లోని ఎరుపును తుడిచేసి, కొసల్లో మాత్రమే ఉంచండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. దీన్ని వదిలేస్తే కొమ్మలు కొసల దగ్గరే ఎందుకు చీలుతున్నాయో ఎప్పటికీ అర్థం కాదు. రెట్ ఉన్న కణాలనూ లేని కణాలనూ కలిపి పెంచిన చిట్టెలుక పిండాల్లో, లేనివి కొసకు చేరలేక వెనక కాడలోనే మిగిలిపోయాయి.

కాగితం మూలన కణపు పొరను పెద్దది చేసి గీయండి. జీడీఎన్ఎఫ్ ముందుగా పొరకు కట్టిపడేసి ఉన్న జీఎఫ్ఆర్-ఆల్ఫా-1 అనే తోడు గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ జంట రెండు రెట్ అణువులను దగ్గరకు చేర్చగా, అవి పేరంటంలో పక్కపక్కన కూర్చున్న ముత్తయిదువులు ఒకరికొకరు బొట్టు పెట్టుకున్నట్టు, ఒకదాని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద మరొకటి ఫాస్ఫేట్ అతికిస్తుంది. ఆ గుర్తులను పట్టుకుని లోపలి సంకేత మార్గాలు కదులుతాయి.

దాని పక్కనే బ్రేకును కూడా గీయాలి. స్ప్రౌటీ-1 అనే ప్రోటీన్ ఈ సంకేతాన్ని అదుపులో ఉంచుతుంది. అది లేని చిట్టెలుకల్లో ఒకటికి బదులు అనేక మొగ్గలు పుట్టుకొచ్చాయి. జీడీఎన్ఎఫ్, స్ప్రౌటీ-1 రెండూ లేని చిట్టెలుకల్లో కిడ్నీలు చాలావరకు మామూలుగానే ఏర్పడ్డాయి, ఎందుకంటే అక్కడ ఎఫ్‌జీఎఫ్-10 అనే మరో కారకం చాలింది. నా దృష్టిలో ఈ పాఠంలోకెల్లా విలువైన ఫలితం ఇదే. సంకేతం ఎంత ముఖ్యమో దాని మీది అదుపూ అంతే ముఖ్యమని ఇది చూపిస్తుంది.

పేగుకు రెండో కాగితం తీసుకోండి, ఎందుకంటే ఇక్కడ ఎరుపు ప్రయాణం చేస్తుంది. మెడ ప్రాంతం నుంచి బయలుదేరిన న్యూరల్ క్రెస్ట్ కణాలు (పిండంలో వలసపోయి పేగు నాడీకణాలుగా మారేవి) రెట్‌ను మోసుకుంటూ, పేగు గోడ విడుదల చేసే జీడీఎన్ఎఫ్ వైపు, పై నుంచి కిందికి సాగుతాయి. మనిషి పిండంలో ఈ నడక సుమారు నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా సాగుతుంది. పేగు కూడా అదే సమయంలో పొడవు పెరుగుతూ ఉంటుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కినవారికి ఎల్బీ నగర్ స్టేషన్ అంతకంతకూ దూరం జరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దారిలో కణాల సంఖ్య చాలకపోతే ఖాళీగా మిగిలేది చివరి భాగమే. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో జరిగేది ఇదే. సుమారు 5000 జననాల్లో ఒకరికి వచ్చే ఈ వ్యాధిలో పెద్దపేగు చివర నాడీకణాలు లేక మలం ముందుకు కదలదు. పుట్టిన 48 గంటల్లో శిశువు తొలి మలం విసర్జించకపోతే వైద్యులు దీన్ని కూడా అనుమానిస్తారు.

బొమ్మలు పూర్తయ్యాక ఒక్కొక్క రంగును చేత్తో మూసి, అది లేకపోతే ఏమవుతుందో నోటితో చెప్పి చూసుకోండి. అది సులువుగా వస్తే ఈ చిక్కుముడి విప్పండి. రెట్ అతిగా పనిచేస్తే థైరాయిడ్‌లో మెడుల్లరీ క్యాన్సర్ వస్తుంది, తక్కువగా పనిచేస్తే హిర్ష్‌స్ప్రంగ్ వస్తుంది. అయినా రెట్‌లో 618, 620 స్థానాల్లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మారిన కొన్ని కుటుంబాల్లో రెండూ కనిపిస్తాయి. ఆ మార్పు వల్ల రెట్ అణువులు జీడీఎన్ఎఫ్ లేకుండానే జతకట్టి పనిచేస్తూ ఉంటాయి, కానీ కణపు పొర దాకా చేరేవి తక్కువ. థైరాయిడ్‌లో ఈ క్యాన్సర్ మొదలయ్యే సీ-కణాలకు ఆ కొద్దిపాటి ఎడతెగని సంకేతమే ఎక్కువైపోతుంది, పేగులో నడిచే కణాలకు పొర మీద మిగిలిన రెట్ చాలదు.