కొరియా వంటిల్లు, 6వ పాఠం: మియొక్ గుక్ నల్లబడిన వాళ్ళ కోసం

ఈ వారం పాలకూర నాముల్, అంటే ఆకుకూరని మరిగే నీళ్ళలో ముంచి తీసి కలిపే కూర, చెప్పాల్సింది. కానీ పోయిన పాఠంలో చెప్పిన మియొక్ గుక్ (సముద్రపు నాచు చారు) చేసినవాళ్ళు ఎక్కువమంది రెండే ఫిర్యాదులు రాశారు: నాచు పొంగి గిన్నె బయటికి వచ్చిందని, చారు నల్లగా తియ్యగా అయిందని. రెండోది తేల్చకపోతే నాముల్ కూడా పాడవుతుంది, అందుకే దాన్ని అభ్యాసంలో పెట్టాను.

నాచు సంగతి చిన్నది. ఎండు మియొక్ నానితే పది రెట్ల దాకా ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడు టీ ఆకంత కనిపిస్తుంది కాబట్టి ఇంకో గుప్పెడు వేసేస్తాం. మనిషికి 5 గ్రాములు చాలు. చన్నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి పిసికి కడిగి, గట్టిగా పిండండి. మిగిలిపోతే చిన్న ముద్దలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పారెయ్యక తప్పకపోతే మాత్రం నీళ్ళన్నీ వార్చాకే పడెయ్యండి, ఎందుకంటే ఇక్కడ కొరియాలో చాలా అపార్ట్‌మెంట్లలో తిండి చెత్త డబ్బా మనం వేసింది తూచి బరువును బట్టి డబ్బు వసూలు చేస్తుంది, ఆ బరువులో నీళ్ళు కూడా ఉంటాయి.

ఇక నలుపు. మనకి సోయా సాస్ అంటే ఫ్రైడ్ రైస్ బండి మీద ఉండే నల్ల సీసా ఒక్కటే. ఇక్కడ గంజాంగ్, అంటే కొరియా సోయా సాస్, అలా ఒకటే వస్తువు కాదు, ఒకదాని బదులు ఇంకోటి వేస్తే చింతపండు పులుసులో బెల్లం పాకం కుమ్మరించినట్టే ఉంటుంది. గుక్ అంటే చారు, గుక్ గంజాంగ్ దానికోసమే. ఉడికించిన సోయా గింజలు దంచి ఇటుకల్లా చేసి ఆరబెడతారు, వాటిని మెజు అంటారు. ఆ మెజుని ఉప్పునీళ్ళలో వారాల తరబడి ఊరనిచ్చి, ద్రవాన్ని వేరు చేస్తే అది గుక్ గంజాంగ్, మిగిలిన ముద్ద దొయెన్‌జాంగ్. ఇందులో తీపి ఉండదు, ఉప్పు మాత్రం దండిగా ఉంటుంది. జిన్ గంజాంగ్ ముదురు రంగు, కాస్త తీపి. అది మాంసం, బంగాళాదుంపలు ఉడికించి దగ్గరికి ఇగిర్చే జొరిమ్‌కి. మీ చారుని నల్లగా చేసింది ఇదే. యంగ్జొ గంజాంగ్ నంజుకోవడానికి బాగుంటుంది.

సీసా ముందువైపు పెద్ద అక్షరాలు చూసి కొనకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినడం లేదు, నాకు నిజంగా బాధగా ఉంది. వెనకవైపు ‘సిక్‌పుమ్ యుహ్యొంగ్’ (식품유형) అని ఒక గడి ఉంటుంది, ఆహార రకం అని దాని అర్థం. అక్కడ హన్సిక్ గంజాంగ్ (한식간장) అని ఉంటే పాత పద్ధతి గంజాంగ్, చారుకి నేను కొనేది అదే. యంగ్జొ గంజాంగ్ (양조간장) అంటే పులియబెట్టింది. హొన్హప్ గంజాంగ్ (혼합간장) అంటే పులియబెట్టినదాంట్లో, యాసిడ్‌తో త్వరగా తయారుచేసిన సోయా ద్రవం కలిపింది. జిన్ పేరుతో అమ్మే చాలా సీసాల వెనక ఈ మాటే కనిపిస్తుంది. కొరియన్ చదవడం రాకపోతే ఆ గడిని ఫోన్‌లో ఫోటో తీసుకుని పైన బ్రాకెట్లలో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చుకోండి. యంగ్జొ సీసాల మీద టీ.ఎన్. 1.0, 1.3, 1.5 అని కూడా ఉంటుంది, అది నైట్రోజన్ లెక్క. అంకె పెరిగేకొద్దీ రుచి చిక్కబడుతుంది. 1.3కి తక్కువైతే నేను తీసుకోను.

మా కింది అంతస్తు హల్మొని, అంటే మామ్మగారు, నా మొదటి చలికాలంలో తను చేసిన గంజాంగ్‌ని మంచినీళ్ళ సీసాలో పోసి తెచ్చి ఇచ్చింది. ఒక చుక్క తెల్ల చెంచాలో వేసి కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూపించింది. మధ్యలో ముదురుగా ఉన్నా, అంచున తేనె రంగు. నా దగ్గరున్న జిన్‌ని అలాగే పట్టి చూస్తే అంచు కూడా నల్లగానే ఉంది.

మళ్ళీ చేసేటప్పుడు: వేయించిన నువ్వుల నూనెలో (మన గానుగ నూనె కాదు) మాంసం, పిండిన నాచు, గుక్ గంజాంగ్ ఒక పెద్ద చెంచా వేసి మూడు నిమిషాలు వేయించి, లీటరుంపావు నీళ్ళు పోసి అరగంట మరిగించాలి. చివర్లో కొంచెం వెల్లుల్లి. ఇంకా ఉప్పు కావాలనిపిస్తే ఉప్పే వెయ్యండి, గంజాంగ్ కాదు. బీఫ్ తినని వాళ్ళు మాంసం మానేసి, దించే ముందు దుల్కె (పెరిల్లా గింజల) పొడి రెండు చెంచాలు వెయ్యండి, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ఉల్లికాడ వద్దు, తాలింపు అసలు వద్దు. పుట్టినరోజుకి, బాలింతకి పెట్టే చారు ఇది, మనింట్లో బాలింతకి వెల్లుల్లి కారం పెట్టినట్టు. పరీక్ష ఉన్న రోజు మాత్రం ఎవరికీ పెట్టకండి, నాచు జారుడు కాబట్టి పరీక్షలో జారిపోతారని వీళ్ళకి పట్టింపు.

అభ్యాసం: గుక్, జిన్ చిన్న సీసాలు రెండూ కొనండి. అర గ్లాసు వేణ్ణీళ్ళలో చెరో పావు చెంచా కలిపి, కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పగలిగేదాకా వారం రోజులు రోజూ రుచి చూడండి. తర్వాత పాలకూర ఒక కట్ట అర నిమిషం మరిగే నీళ్ళలో ముంచి, చల్లార్చి, పిండి, సగంలో గుక్, సగంలో జిన్ అర చెంచా చొప్పున వేసి, వెల్లుల్లి, నువ్వుల నూనె కలపండి. రెండూ పక్కింటి కొరియన్ వాళ్ళకి ఇచ్చి, ఏ గిన్నె ముందు ఖాళీ అయిందో నాకు రాయండి.