గోధుమ రంగు రాయి సిడరైటేనా? ఇంట్లో చూసుకునుడెట్లా, సాన పట్టించాలా వద్దా

వానలు పడ్డంక నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో గోధుమ రంగు బరువు రాయి కనబడితే ఫొటో తీసి ఇది సిడరైటేనా అని అడిగేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఫొటో చూసి గ్యారంటీగా చెప్పుడు ఎవరితోని కాదు గానీ ఇంట్ల సామాన్లతోనే చాలావరకు తేల్చుకోవచ్చు. సిడరైట్ అంటే ఐరన్ కార్బొనేట్, బరువులో 48 శాతం దాకా ఇనుమే, ఆస్ట్రియాలో ఎర్జ్‌బర్గ్ అనే కొండ దగ్గర దీన్నే ఇనుము కోసం తవ్వుతరు.

ముందు గీత చూడండి. టైల్ వెనక గరుకు వైపు రాయిని గట్టిగా రుద్దండి, సిడరైట్ పైకి ఎంత ముదురు రంగున్నా గీత తెల్లగనే పడ్తది. ఎర్రగా పడితే హెమటైట్ (ఇంకో రకం ఇనుప ఖనిజం) అనుకోండి, పసుపు గోధుమ కలిసినట్టు పడితే తుప్పు రాయి, మన దిక్కు మొరంలో వచ్చేది ఎక్కువ ఇదే. ఒకటి యాదిపెట్టుకోండి, సిడరైట్ గాలికి తడికి పైన తుప్పు పొర కట్టుకుంటది, అందుకే పగలగొట్టిన కొత్త ముఖంతోనే రుద్దాలె.

తర్వాత బరువు, నాకు అన్నిట్లో నమ్మకం ఉన్న టెస్ట్ ఇదే. కిచెన్ కాటా మీద రాయిని తూచండి, 40 గ్రాములు వచ్చింది అనుకుందాం. ఇప్పుడు గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి, రాయికి దారం కట్టి నీళ్లలో మునిగేటట్టు వేలాడదీయండి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలొద్దు. కాటా 10 చూపిస్తే 40ని 10తోని భాగిస్తే 4, సిడరైట్‌కు 3.9 దగ్గర రావాలె. అదే 15 చూపిస్తే 2.7 కింద లెక్క, అది పలుగు రాయో సున్నపు రాయో అయి ఉంటది. చాకు మొనతో గీకితే గీత పడాలె, గట్టిదనం కొలిచే 1 నుంచి 10 దాకా మోస్ స్కేల్ మీద కాఠిన్యం 4 దగ్గరే, పలుగు రాయి మీద చాకు గీత పడదు.

యాసిడ్ టెస్ట్ బయట గాలి ఆడే చోట, గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకునే చేయండి, పలచగా కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క చాలు, బ్లీచింగ్ దగ్గరికి కూడా రానీయొద్దు. వాడపల్లి, మట్టపల్లి దిక్కు సున్నపు రాయి మీద చుక్క పడంగనే నురుగొస్తది, సిడరైట్ చల్లగున్నప్పుడు దాదాపు ఊకుంటది, అదే రాయిని వేడి నీళ్లల్ల నానబెట్టి తీసి వేస్తే బుడగలు లేస్తయి.

ఇగ జెమ్ సంగతి. సిడరైట్‌లో ఎక్కువ భాగం మసక రాయి, దాన్ని సాన పట్టించి లాభం లేదు. పోర్చుగల్‌లోని పనాష్కెయిరా గని లాంటి చోట్ల వచ్చే క్రిస్టల్స్‌లో పారదర్శకమైన ముక్కలు ఉంటే, తేనె రంగు నుంచి ఎరుపు గోధుమ దాకా, కలెక్టర్ల కోసం కోస్తరు, మెరుపు నిజంగా చాలా బాగుంటది. కోసిన రాయి అయితే లెన్సు పెట్టి పై ముఖంలోంచి వెనక అంచుల్ని చూడండి, ఒక్కో గీత రెండుగా కనబడ్తది, ఎందుకంటే వక్రీభవన గుణకం, అంటే రాయి వెలుగును ఎంత వంచుతదో చెప్పే లెక్క, 1.63 నుంచి 1.87 దాకా దిశను బట్టి మారుతది, ఈ తేడా కాల్సైట్ (సున్నపు రాయిలో ఉండే ఖనిజం) కంటే కూడా ఎక్కువ. స్ఫాలరైట్ అనే జింక్ ఖనిజం రంగులో, బరువులో అచ్చం ఇట్లనే ఉంటది గానీ దాంట్లో గీతలు డబుల్ కావు.

కోయించే ముందు పనాయనకు ఒక మాట చెప్పండి, ఇది మూడు దిక్కుల చాలా తేలిగ్గా చీలుతది, టేబుల్ ముఖం (పైన ఉండే పెద్ద చదును ముఖం) చీలిక పొరకు సమానంగా రాకుండా కొంచెం ఒంచి పెట్టాలె, లేకుంటే పాలిష్ పట్టదు, పెచ్చులు లేస్తయి. వేడి కూడా తట్టుకోదు. రింగులో పెట్టుకుంటా అంటే మాత్రం నేను ఒప్పుకోను, దుమ్ములో ఉండే ఇసుకే దీన్ని గీకేస్తది, నిమ్మకాయ, చింతపులుసు తగిలితే మెరుపు పోతది. లాకెట్‌లో పెట్టించండి, నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయనీయకండి, మెత్తని బట్టతో తుడిచి తడి లేకుండా విడిగా దూదిలో పెట్టండి.