అరసవల్లి సూర్యుడు, తరగతి గది తెర: పాఠంలో డిజిటల్ సాధనాలను వాడే పద్ధతి

డిజిటల్ సాధనాన్ని ఎంచుకోవాలనుకున్న ఉపాధ్యాయులు మొదట తెరవవలసినది పాఠ్యపుస్తకమే. ఏ పేజీ దగ్గర పిల్లలు అర్థం కాకపోయినా తలలు ఊపుతున్నారో గుర్తించి, అక్కడికి మాత్రమే తెరను తీసుకురావాలి. సుద్దముక్కతో చెప్పగలిగిన దానికి వీడియో అక్కరలేదు. నెలల తరబడి సాగే మార్పును, కంటికి కనబడని ప్రవాహాన్ని నల్లబల్ల మీద చూపడం కష్టం గనుక, సాధనం నిజంగా ఉపయోగపడేది అటువంటి చోటే.

భూపరిభ్రమణం, విషువత్తుల (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుల) పాఠాన్నే తీసుకుందాం. శ్రీకాకుళం పిల్లలకు ఈ పాఠం అరసవల్లిలోనే ఉంది. మార్చిలోను, అక్టోబరు మొదట్లోను ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయని వారికి తెలుసు. ఆ రెండు మాసాల్లోనే ఎందుకన్నది మాత్రం తరగతిలో అడగవలసిన ప్రశ్న. దీనికి, ఏ చోటనైనా ఏ తేదీనైనా ఆకాశం ఎలా కనిపిస్తుందో చూపే స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చక్కగా సరిపోతుంది. దానిని ఒకసారి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఎఫ్6 మీట నొక్కి అక్షాంశం 18.3 ఉత్తరం, రేఖాంశం 83.9 తూర్పు అని ఇచ్చి, సమయం భారత కాలమానంలో ఉందని నిర్ధారించుకున్న తరువాత, ఎఫ్5 నొక్కి తేదీ మార్చవచ్చు.

అయితే తెర వెలిగించే ముందు, సూర్యుడు ఏడాది పొడవునా సరిగ్గా తూర్పునే ఉదయిస్తాడా అన్న ప్రశ్నకు ప్రతి విద్యార్థి చేతా నోటుపుస్తకంలో జవాబు రాయించాలి. ఈ ఐదు నిమిషాలను ఎంత తొందర ఉన్నా వదులుకోకూడదు. ముందుగా ఊహించి రాసిన పిల్లవాడు తన జవాబును సరిచూసుకోవడానికి తెరను చూస్తాడు, రాయనివాడు బొమ్మను మాత్రమే చూస్తాడు. తరువాత మార్చి 10, జూన్ 21, అక్టోబరు 2, డిసెంబరు 22 తేదీలలో ఉదయిస్తున్న సూర్యుని మీద క్లిక్ చేసి, ఉత్తరం నుంచి తూర్పుగా కొలిచిన దిశాకోణాన్ని ఒక విద్యార్థి చేత నల్లబల్ల మీద రాయించాలి. జూన్‌లో సుమారు 65 డిగ్రీలు, డిసెంబరులో దాదాపు 115 వస్తాయి. మార్చిలోను, అక్టోబరులోను మాత్రం రెండుసార్లూ 94 దగ్గరే వస్తుంది. ఒక తేదీ వసంత విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, మరొకటి శరద్విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత వస్తాయని పిల్లలే లెక్క కట్టేదాకా ఉపాధ్యాయులు ఓపిక పట్టాలి.

భౌతికశాస్త్రానికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మార్చి చూడగలిగే నమూనా ప్రయోగాలు, ఉన్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో వీటికి శ్రీకారం చుట్టారు. సిమ్యులేషన్‌ను ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. అనువాదాల జాబితాలో తెలుగు ఉంటే ఆ ఫైలునే తీసుకోవాలి. విద్యుత్ వలయంలో మొదటి బల్బుకు శ్రేణిలో రెండవది కలిపితే వెలుగు ఏమవుతుందో ఇక్కడ కూడా ముందు రాయించి తరువాతే చూపాలి. పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌ల కోసం, వాటి వెనక ఉన్న పాఠం వీడియోలను తెరిచే ప్రభుత్వ దీక్ష యాప్ చాలు. ఆ వీడియోను ఇంటి దగ్గరే పూర్తిగా చూసి, పాఠానికి పనికివచ్చే రెండు మూడు నిమిషాలు ఎక్కడున్నాయో రాసుకుని, ఫోనులో దించుకుని రావాలి. సిగ్నల్ నిలకడగా ఉండని బడులలో ఇది తప్పనిసరి.

తుఫానుల పాఠానికి నెట్ ఉన్న రోజున ఎర్త్ నల్‌స్కూల్ అనే గాలుల పటం తెరిచి, 2018 అక్టోబరు 11 తేదీ ఎంచుకుంటే, పలాస తీరాన్ని తాకిన తిత్లీ తుఫాను సుడి అపసవ్య దిశలో తిరగడం కనిపిస్తుంది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు ఆ రాత్రి కూలిపోయాయి గనుక, నష్టపోయిన కుటుంబాల పిల్లలు తరగతిలో ఉంటే దీనిని వేడుకగా చూపకుండా, సాయంత్రం ఇంట్లో పెద్దలను అడిగి రమ్మనాలి: గాలి మొదట ఏ దిక్కు నుంచి వీచింది, తరువాత ఎటు తిరిగింది, చెట్లు ఏ వైపు ఒరిగాయి? మరునాడు ఒక్కొక్క ఊరి జవాబునూ పటంలో ఆ ఊరి దగ్గర కనిపించే గాలి బాణాలతో పోల్చి, తేడా వచ్చిన చోట, ఆ ఊరు తుఫాను కేంద్రానికి ఏ వైపున ఉందో పిల్లల చేతే వెతికించాలి.