సెయిల్ బోట్‌లోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి? లక్షణాన్ని బట్టి లీక్ పట్టుకోవడం, బాగు చేయడం

చిన్న సెయిల్ బోట్ అడుగున నీళ్లు కనపడగానే చాలామంది సీలెంట్ ట్యూబ్ తెచ్చి అనుమానం వచ్చిన ప్రతి చోటా పూసేస్తారు, దాంతో లీక్ ఆగదు సరికదా అసలు దారి ఎక్కడుందో కూడా ఇంక తెలీకుండా పోతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, బోట్ పై తలమైన డెక్ మీద ముందు వైపు బోల్టు దగ్గర దిగిన చుక్క లోపల సీలింగ్ ప్యానెల్ వెనకాలే జారుకుంటూ పోయి ఎక్కడో రెండు మీటర్ల అవతల పరుపుని తడుపుతుంది. అందుకే తడి ఎక్కడుంది అనేదానికంటే ఎప్పుడు వస్తోంది అనేది ముందు చూడాలి. కట్టేసి ఉన్నప్పుడా, ఇంజిన్ నడిపినప్పుడా, గాలికి ఒరిగినప్పుడా, వాన పడ్డాకా? ఇది తేలిపోతే సగం పని అయిపోయినట్టే.

మొదలుపెట్టే ముందు బిల్జ్‌ని (బోట్ అడుగున నీళ్లు చేరే చోటు) స్పాంజితో పూర్తిగా ఎండబెట్టండి, ఎంత పూర్తిగా అంటే టిష్యూ పేపర్ అద్దితే తడవకూడదు, పాత నీళ్లు మిగిలి ఉంటే కొత్తవి ఏవో తెలీదు. అనుమానం ఉన్న చోట్ల టిష్యూ ముక్కలు పరిచి పెట్టండి, లేదా టాల్కం పౌడర్ చల్లండి, నీళ్లు నడిచిన దారి గీతలా పడుతుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయా లేదా అని వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తే సముద్రంలో ఉన్నవాళ్లకి చాలా విషయం తెలిసిపోతుంది. కానీ పచ్చగానో గులాబీ రంగులోనో జిగటగా ఉంటే మాత్రం నోట్లో పెట్టొద్దు, అది ఇంజిన్ కూలెంట్, విషం. టాయిలెట్ గొట్టాల కిందున్న నీళ్లు కూడా అంతే.

లక్షణం: బోట్ కట్టేసి ఉన్నా నీళ్లు పెరుగుతున్నాయి

దీన్ని రేపు చూద్దాంలే అనుకోకండి. కారణం నీటి మట్టం కింద ఉంది. నీటికి 60 సెంటీమీటర్ల లోతున ఒక అంగుళం కన్నం పడితే నిమిషానికి 60 లీటర్లకి పైగానే లోపలికి వచ్చేస్తాయి, చేత్తో కొట్టే చిన్న పంపు దానికి ఏ మూలకీ సరిపోదు.

నీటి మట్టం కింద హల్ (బోట్ ఒళ్లు) లోంచి బయటికి వెళ్లే ప్రతి గొట్టానికీ మామూలుగా ఒక వాల్వ్ ఉంటుంది, సీకాక్ అంటాం. అన్నీ మూసేసి, తుడిచి, కొన్ని గంటలు ఆగండి. నీళ్లు ఆగిపోతే ఒక్కొక్కటే తెరుస్తూ చూడండి, దొంగ దొరుకుతుంది. ఎక్కువసార్లు గొట్టాన్ని బిగించే పట్టీ, అంటే హోస్ క్లాంపే కారణం, పైకి మెరుస్తూనే ఉంటుంది కానీ పట్టీ అడుగు భాగం తుప్పు పట్టి తెగడానికి సిద్ధంగా ఉంటుంది, కాబట్టి అద్దం పెట్టి వెనక వైపు కూడా చూడండి, చోటుంటే రెండేసి క్లాంపులు వేయండి. హోస్ వంపు దగ్గర పగుళ్లుంటే ఆ ముక్క మొత్తం మార్చేయాలి, టేపు చుట్టడం పరిష్కారం కాదు. వాల్వ్‌ని కత్తి మొనతో కొంచెం గీకినప్పుడు పసుపు రంగు బదులు గులాబీ ఛాయ కనపడితే ఆ ఇత్తడిలో జింక్ పోయిందని అర్థం, అలాంటిది చేత్తో గట్టిగా తిప్పినా విరిగిపోవచ్చు, బోట్‌ని నీళ్లలోంచి పైకి తీసి మార్చేదాకా దాని జోలికి పోకండి. ప్రతి సీకాక్ పక్కనా అది విరిగితే కన్నంలో కొట్టడానికి సరిపడే సైజు మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి.

వాల్వులన్నీ మూసినా వస్తుంటే ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ బయటికెళ్లే చోటు, డెప్త్ సెన్సర్ బిగించిన చోటు, చివరిగా కీల్ (బోట్ అడుగున ఉండే బరువైన రెక్క) బోల్టులు చూడాలి. కీల్, హల్ కలిసే చోట బయట గీతలా పగులు, లోపల బోల్టు చుట్టూ గోధుమ రంగు నీరు కనపడితే నట్టు బిగించి ఊరుకోవద్దు. బోట్ పైకి తీయించి తెలిసినవాళ్లకి చూపించే దాకా సెయిలింగ్ ఆపేయండి.

లక్షణం: ఇంజిన్ నడిపినప్పుడే నీళ్లు

షాఫ్ట్ చుట్టూ ప్యాకింగ్ (గ్రీజు పట్టించిన తాడు లాంటిది) పెట్టి నట్టుతో బిగించే పాత రకం అయితే, షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడటం లోపం కాదు, ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. షాఫ్ట్ ఆగితే చుక్కలు కూడా దాదాపు ఆగాలి. ధారగా వస్తుంటే ఇంజిన్ ఆపి, రెండు స్పానర్లతో లాక్ నట్టు వదులు చేసి పెద్ద నట్టుని చాలా కొంచెం, చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, మళ్లీ లాక్ చేసి కాసేపు గేరులో నడిపి చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి నట్టు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే ఎక్కువ బిగించారన్నమాట, షాఫ్ట్ అరిగిపోతుంది. ఇంక బిగించడానికి మర లేకపోతే ప్యాకింగ్ మార్చాలి, పాతది పూర్తిగా లాగేసి, కొత్తది స్ప్రింగులా చుట్టకుండా విడివిడి రింగులుగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పెట్టండి.

రబ్బర్ బెలోస్ (మడతలున్న గొట్టం) ఉన్న డ్రిప్‌లెస్ సీల్ అయితే ఒక్క చుక్కా రాకూడదు. చాలా సీళ్లకి బోట్ నీళ్లలో దింపిన ప్రతిసారీ బెలోస్ వెనక్కి నొక్కి లోపలి గాలి వదలాలి, ఇది మర్చిపోతే సీల్ పొడిగా తిరిగి పాడవుతుంది.

షాఫ్ట్ బాగానే ఉంటే సముద్రపు నీరు లాగే పంపు కింద వేలు పెట్టి చూడండి, తెల్లటి ఉప్పు పేరుకుందంటే లోపలి సీల్ పోయింది.

లక్షణం: ఒరిగినప్పుడే, అదీ ఒక పక్కకే

ఏ పక్కకి ఒరిగితే వస్తున్నాయో రాసుకోండి. మామూలుగా నీటి పైన ఉండే కన్నాలు అప్పుడు మునుగుతాయి. బిల్జ్ పంపు బయటికి పోసే గొట్టమే నీళ్లు వెనక్కి లాగేస్తుంది, సైఫన్ అయిపోయి. గొట్టాన్ని డెక్ కిందికి వీలైనంత ఎత్తు లేపి, ఆ వంపు పైన గాలి తీసుకునే వాల్వ్ పెడితే ఆగుతుంది, నీళ్లని వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, చిన్న చెత్త ఇరుక్కుంటే అది మూసుకోదు. సింక్ గొట్టం సంగతీ ఇంతే, సెయిల్ ఎత్తే ముందు దాని సీకాక్ మూసేయండి.

డింగీ లాంటి చిన్న బోట్ అయితే ఇంకా తేలిక. ట్రాలీ మీద పెట్టి లోపల కొంచెం నీళ్లు పోసి బయట ఎక్కడ కారుతోందో చూడటమే, సెంటర్‌బోర్డ్ (కిందికి దించే పలక) పెట్టె అతుకు, సెల్ఫ్ బెయిలర్ (నడిచేటప్పుడు నీళ్లు బయటికి లాగే కన్నం), డ్రెయిన్ బిరడా వాషర్ ముందు చూడండి. బోట్‌ని తేల్చే మూసిన గాలి గది లీకవుతుంటే సబ్బు నీళ్లు రాసి లోపలికి నోటితోనే మెల్లగా గాలి ఊదండి, బుడగలు వస్తాయి. కంప్రెసర్ మాత్రం వద్దు, అతుకులు చీలిపోతాయి.

లక్షణం: వాన పడ్డాక, అల డెక్ మీద పడ్డాక

ఇది ఎక్కువ మందిని ఏడిపించేది. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని, ఒకరు బయట హోస్‌తో నీళ్లు పడుతూ కింది నుంచి పైకి రావాలి, పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తేలదు. ఒక్కో చోట అయిదేసి నిమిషాలైనా ఆగండి, నీళ్లు దారి చేసుకోడానికి టైమ్ పడుతుంది. స్టాంచియన్ల (అంచు రైలింగ్ కర్రల) అడుగులు, చెయిన్‌ప్లేట్లు (మాస్ట్‌ని లాగి పట్టే తీగలు బిగించే పట్టీలు), కిటికీలు, హ్యాచ్ (డెక్ మీది తలుపు), మాస్ట్ (తెరచాప స్తంభం) డెక్‌ని దాటే చోటు, ఇవీ అనుమానితులు. మాస్ట్ కీల్ దాకా దిగే బోట్లలో వాన నీళ్లు మాస్ట్ లోపలి నుంచే బిల్జ్‌లోకి వస్తాయి, దాన్ని ఆపలేం, లీక్ అనుకుని డెక్ అంతా పీకకండి.

దొరికిన ఫిట్టింగ్‌ని విప్పాల్సిందే, అంచు చుట్టూ పూస్తే లాభం లేదు. విప్పాక కన్నంలో చూడండి, చాలా డెక్‌లలో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది, అది నల్లగా నాని ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ కొట్టండి, టకటక బదులు మొద్దుగా మోగినంత మేరా కుళ్లింది. కొంచెమే అయితే కన్నాన్ని పెద్దది చేసి, తడి చెక్క గీకేసి, బాగా ఆరాక చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాంట్లోనే బోల్టుకి కన్నం వేయండి, ఇక ఎప్పుడైనా నీళ్లు దిగినా చెక్కకి తగలవు. కన్నం పైఅంచుని కొంచెం గరాటాలా చెక్కి, బోల్టు తల కింద బ్యూటైల్ టేప్ (జిగట ముద్దలాంటి సీలింగ్ టేప్) చుట్టి, బోల్టు తల కదలకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పాలి, బోల్టు తిరిగితే సీల్ తెగిపోతుంది. ఒకేసారి బిగించేయకండి, కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెం బిగిస్తూ పోతే అదనపు బ్యూటైల్ మెల్లగా బయటికి వచ్చేస్తుంది.

సీలెంట్ విషయంలో, మళ్లీ విప్పాల్సిన వాటికి పాలీయూరిథేన్ వాడొద్దు, తర్వాత విప్పబోతే ఫైబర్ పొర కూడా ఊడి వస్తుంది. పాలీసల్ఫైడ్‌ని యాక్రిలిక్ కిటికీలకి తగలనివ్వకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. మామూలు సిలికాన్ డెక్ ఫిట్టింగ్‌లకి నాకైతే అస్సలు ఇష్టం లేదు, ఒకసారి పూస్తే దాని పొర మీద ఇంకేదీ అంటుకోదు.

లక్షణం: మంచినీళ్లు, కానీ వాన లేదు

ట్యాంకులో వంటకి వాడే ఫుడ్ కలర్ కలపండి, బిల్జ్‌లో ఆ రంగు వస్తే ట్యాంకో దాని గొట్టమో. రంగు రాకుండా తెల్లవారుజామున మెటల్ మీద, హల్ లోపలి గోడ మీద సన్నటి చుక్కలు అంతటా సమానంగా కనపడుతుంటే అది లీక్ కాదు, లోపలి గాలిలో తేమ చల్లబడి పట్టిన చెమ్మ. దానికి గాలి ఆడేలా వెంటిలేటర్ పెట్టి, పరుపుల కింద ఖాళీ వదిలితే చాలు.