ట్యూబులు ఓపెన్ అన్నారు, అయినా ప్రెగ్నెన్సీ రావట్లేదా? ఎండోమెట్రియోసిస్ ఉందేమో ఇలా చూసుకోండి

పీరియడ్స్ నొప్పి అందరికీ ఉండేదేలే అని ఇంట్లో అంటూనే ఉంటారు, కానీ నెలనెలా మంచం దిగలేనంత నొప్పి, ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే నొప్పి, భార్యాభర్తలు కలిసినప్పుడు లోపల పోటు, ఇవన్నీ ఉండి పిల్లల కోసం కూడా చూస్తున్నారంటే దయచేసి ఏడాదిదాకా ఆగకండి, ముందే గైనకాలజిస్ట్‌కి చెప్పండి. నొప్పి తక్కువ ఉన్నా జబ్బు ముదిరి ఉండొచ్చు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఎండోమెట్రియోసిస్‌లో అసలు జరిగేదేంటంటే, గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట అండాశయాల మీద, అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబుల మీద, పేగుల దగ్గర పెరుగుతుంది, అక్కడ వాపొచ్చి పక్కపక్క భాగాలు అతుక్కుపోతాయి. ట్యూబు చివర వేళ్లలాంటి అంచులుంటాయి కదా, అండం విడుదలైతే దాన్ని పట్టుకుని లోపలికి తీసుకోవాల్సింది అవే. అవి అతుక్కుపోతే, లేదా ట్యూబు మెలిక పడితే, దారి తెరిచే ఉన్నా అండం లోపలికి రాదు. చాలామందికి ఈ విషయం ఎవరూ చెప్పరు!

అందుకే ట్యూబులు తెరిచి ఉన్నాయా అని చూసే హెచ్‌ఎస్‌జీ టెస్ట్ రిపోర్ట్ నార్మల్ అని వస్తే అక్కడితో ఆగిపోవద్దు. ఆ టెస్ట్‌లో గర్భసంచిలోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, బ్లీడింగ్ ఆగాక, అంటే పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కేస్తే సుమారు 6 నుంచి 10వ రోజు లోపు చేయించుకోవాలి, డై ట్యూబుల్లోంచి బయటికొచ్చిందా లేదా అనేదే ముఖ్యంగా తెలుస్తుంది, బయటి అతుకులు సరిగా కనపడవు. మామూలు స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం నిండిన గడ్డ) ఉంటే కనిపిస్తుంది గానీ చిన్న మచ్చలు, పల్చటి అతుకులు తప్పిపోతాయి. హైదరాబాద్‌లో స్కానింగ్ సెంటర్లకేం కొదవ లేదు, కానీ ఎండోమెట్రియోసిస్ స్కాన్ చేసే అలవాటున్న డాక్టరేనా అని అడిగి వెళ్లండి. ట్యూబు బ్లాక్ అంటే టీబీ వల్ల కూడా కావొచ్చు, మన దగ్గర అది తక్కువేం కాదు, అదీ అడగండి. భర్త సెమెన్ (వీర్యం) టెస్ట్ కూడా మొదట్లోనే అయిపోవాలి, అన్ని టెస్టులూ అమ్మాయికే చేయిస్తూ నెలలు పోగొట్టడం చాలా అన్యాయం.

ల్యాప్రోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) అంటే వెంటనే ఒప్పుకోకండి, వెంటనే వద్దనకండి కూడా. అతుకులు తీస్తే కొంతమందికి మామూలుగానే ప్రెగ్నెన్సీ వస్తుంది. కానీ సిస్ట్ తీసేటప్పుడు మంచి అండాలు కూడా కొన్ని పోవచ్చు, కాబట్టి ముందు ఏఎమ్‌హెచ్ (అండాలు ఎన్ని మిగిలున్నాయో అంచనా చెప్పే రక్త పరీక్ష) చేయించి, వయసు, నొప్పి అన్నీ చూసుకుని నిర్ణయించుకోండి. నొప్పికిచ్చే హార్మోన్ టాబ్లెట్లు నొప్పి తగ్గిస్తాయే గానీ ప్రెగ్నెన్సీ ఛాన్స్ పెంచవు, వాడినన్నాళ్లూ అండం విడుదలని ఆపేస్తాయి కూడా, ఇది తెలియక టైమ్ పోతుంది.

ట్యూబులు బాగా పాడైతే ఐవీఎఫ్ ఉంది, అందులో పిండాన్ని ల్యాబ్‌లో తయారుచేసి నేరుగా గర్భసంచిలో పెడతారు, ట్యూబులతో పని లేదు. అయితే ట్యూబులో నీరు చేరి ఉబ్బి ఉంటే ఆ నీరు గర్భసంచిలోకి దిగి పిండాన్ని నిలవనివ్వదు, ఐవీఎఫ్‌కి ముందే ఆ ట్యూబు తీసేయడమో, క్లిప్ పెట్టడమో చేస్తారా అని గట్టిగా అడగండి. ఇలాంటి సంతాన చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐవీఎఫ్ సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, డబ్బు కట్టేముందే సర్టిఫికెట్ చూపించమనండి.

ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చాక, చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కేసి సుమారు 6 వారాలకి చేసే స్కాన్ మాత్రం వాయిదా వేయకండి, ట్యూబు దెబ్బతిన్నవాళ్లకి గర్భం ట్యూబులోనే నిలిచే రిస్క్ ఎక్కువ, పొత్తికడుపులో ఒకవైపు గట్టి నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.